నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేసేంతసేపు

అవాలి, బహ్రెయిన్
శుక్రవారం మధ్యాహ్నం

పూజ్యులైన అన్నయ్యకు, వదినకు రత్నం నమస్కరించి రాసేది.

నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి సరిగ్గా వెళ్తున్నారా? ఇక్కడ ఎండ ఇంకా తగ్గలేదు. ఉక్కకి పొద్దున ఆరేసిన బట్టలు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటున్నాయి. అన్నానికి లోటు లేదు, చేపలు మంచివే దొరుకుతాయి. పక్కన కూర్చుని తినేవాళ్ళే లేరు. ఒంట్లో బాగానే ఉన్నానని మళ్ళీ రాస్తున్నాను, కింద రాసింది చదివాక నువ్వు నమ్మవు కనుక.

మేడం వాళ్ళ నాన్నగారిని చూసుకోవడమే నా పని అని ఇదివరకు రాశాను. ఆయన అమెరికాలో సినిమాల్లో వేసేవారని మాత్రం రాయలేదు, నవ్వుతావని. హీరో కాదన్నయ్యా. నీలాంటివాడు. మన ఊరి నాటకాల్లో నువ్వు భటుడు, దూత, రెండో అంకంలో చచ్చిపోయే సేనాపతి వేసినట్టే, ఆయన గుర్రాల సినిమాల్లో సారా కొట్టువాడు, జైలు కాపలావాడు, బండి తోలేవాడు వేశారు. మొదట చెప్పుల కొట్లో పనిచేసేవారట. ఒకరోజు షూటింగు వాళ్ళకి పడిపోయే మనిషి కావలసి వస్తే వెళ్ళి పడ్డారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు పడుతూనే ఉన్నారు. బాణం తగిలి, తుపాకి తగిలి, మేడ మీంచి, గుర్రం మీంచి. గోడ మీద అంటించే బొమ్మలో ఆయన ముఖం ఒక్కసారి కూడా లేదు. ఆ సినిమాలకు గిరాకీ పోయాక రంగుల కొట్లో లెక్కలు రాశారు. భార్య పోతే కూతురు, అల్లుడు (మా సారు) ఇక్కడికి తీసుకొచ్చుకున్నారు.

వీడియోలో తన సినిమా పెట్టి, "ఇదిగో వస్తున్నాను రట్నం, రెప్ప వేయకు" అనేవారు, నా పేరు వాళ్ళ నోట అలాగే పలుకుతుంది. గ్లాసులో పోసేవారు, తూటా తగిలేది, అంతే. "వేశావా రెప్ప?" అని అడిగేవారు. ఒకసారి వీధిలో ఒకావిడ ఆపి, "మిమ్మల్ని ఎక్కడో చూశాను, మా పళ్ళ డాక్టరు కదూ?" అందట. "అవునన్నాను. పాపం నోరు తెరిచింది. చూసి బాగున్నాయని చెప్పాను" అని నవ్వారు. నేను తొంభై రెండులో ఇక్కడికి వచ్చాక పైకి నవ్వింది ఆ రోజే.

ఆ చనువులోనే నీ సంగతి చెప్పాను. మన దగ్గర పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారని, చచ్చి పడున్న సేనాపతివి నువ్వు లేచి, పంచె దులుపుకుని, మళ్ళీ పాడి మళ్ళీ చచ్చావని. ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "చచ్చాక కూడా పిలుస్తారా? మావాళ్ళు నేను పూర్తిగా చావకముందే తర్వాతి సీనుకి వెళ్ళిపోయేవారు" అన్నారు.

మర్నాటి నుంచి టీ తాగగానే తివాచీ మీద పడడం మొదలుపెట్టారు. ముందు మోకాలు, తర్వాత తుంటి, తర్వాత భుజం. చెయ్యి మాత్రం ఎప్పుడూ కింద పెట్టకూడదట. నేను వన్స్ మోర్ అనాలి. ఒక్కోరోజు ఊపిరి బిగబట్టి లేచేవారు కాదు, నేను కంగారు పడేదాకా. మేడం చూసి, "డాడీ, మీ గుండె సంగతి మర్చిపోయారా? రట్నం, నువ్వు ఎగదోయకు" అన్నారు. ఆవిడ ఇంట్లో లేనప్పుడు మేం మానలేదు. నేను ఎవరికైనా సంతోషం కలిగించిన పని అదొక్కటే, మానాలనిపించలేదు.

పోయిన శనివారం నాలుగింటికి టీ తాగి లేచారు, పడ్డారు. నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఈసారి చెయ్యి ఒంటి కింద పడింది. చూశానన్నయ్యా. ఇవాళ తప్పుగా పడ్డారే అనుకున్నాను. వన్స్ మోర్ అన్నాను. లేవలేదు. ఇవాళ నేను కంగారు పడను అనుకుని ఇంకో చొక్కా తీసుకున్నాను. నాలుగు చొక్కాలయ్యాయి. అప్పుడు వెళ్ళి తిప్పితే నోరు ఒక పక్కకి జారిపోయి ఉంది.

ఆయన మాత్రలు, టీ, స్నానం అన్నీ వేళతో సహా పుస్తకంలో రాస్తానని నీకు తెలుసు. ఆ రోజూ రాశాను. నాలుగూ పదికి పడ్డారు, నాలుగూ ముప్ఫైకి అంబులెన్సుకి ఫోను. ఆదివారం హాస్పిటల్లో డాక్టరు ఎప్పుడు పడ్డారని అడిగితే, మేడం నా పుస్తకం తెప్పించి చదవమన్నారు. నేను రాసేది తెలుగు. అంకెలు కూడా తాతగారి పద్దుల్లో చూసి నేర్చుకున్న తెలుగు అంకెలే. అక్కడ చదవగలిగేది నేనొక్కణ్ణే. "పడ్డారు, వెంటనే ఫోను" అని చదివాను. మేడం నా చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకపోతే ఏమయ్యేదో" అన్నారు.

బుధవారం ఆయన కళ్ళు తెరిచారు. మాట రాలేదు, కుడి పక్క కదలదు. మేడం వంగి, "రట్నం వెంటనే ఫోను చేశాడు డాడీ" అని చెప్పారు. ఆయన నా వైపు చూశారు.

నిన్న సల్మాబాద్ నుంచి పోశెట్టి వచ్చాడు. నిజామాబాదు వైపు మనిషి, కూలీల క్యాంపులో ఉంటాడు, ఇక్కడ నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే. అంతా విని, "నీకేమన్న పిచ్చి లేసిందా? ఆ పుస్తకం పొయ్యిల పెట్టు. వాళ్లకు తెలుగు రాదు, ముసలాయనకు నోరు లేదు. ఇగ ఎవడు చెప్తడు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

"అగో! ఊర్ల ఏనాడన్న నోరిప్పినవా, గల్ఫుకొచ్చి ఇప్పుతవా? ఖలాస్ అయితవ్ భాయ్. పాస్‌పోర్టు వాళ్ల చేతుల ఉంది. పోలీసోళ్లకు పట్టిస్తే నేను గూడ రాను."

వెళ్ళేముందు మాత్రం, "పోనీ, రెండు రోజులు ఆగరాదు" అన్నాడు.

ఆగలేకపోయాను. ఇవాళ పొద్దున వంటింట్లో మేడంతో చెప్పేశాను. ఆవిడ పళ్ళెం తుడుస్తున్నారు. అదే పళ్ళెం తుడుస్తూనే ఉన్నారు.

"ఇరవై నిమిషాలా?"

"అవును మేడం."

"నువ్వేం చేస్తున్నావు అప్పుడు?"

"ఇస్త్రీ. సారు చొక్కాలు."

ఆవిడ పళ్ళెం కింద పెట్టారు. "ఇంకొంచెం ముందు తెచ్చుంటే మాట మిగిలేదేమోనని డాక్టరు అన్నారు. నువ్వు బాధపడతావని నీతో చెప్పలేదు" అన్నారు. కాసేపటికి, "నాలుగింటికి నాతో హాస్పిటల్‌కి రా. ఆయనకి నువ్వే చెప్పు. నేను చెప్పను. తర్వాత సంగతి సారు చూస్తారు" అని లోపలికి వెళ్ళిపోయారు.

అన్నయ్యా, పంపించేస్తే వచ్చేస్తాను. పోలీసులకిస్తే పోశెట్టి నీకు రాస్తాడు, పోస్టు ఆఫీసు దగ్గరే ఆ ఉత్తరం విప్పి చదువు, వదిన ముందు వద్దు. ఆ రెండూ ఎలాగో ఒకలా భరిస్తాను. నాలుగింటిదే నావల్ల కావడం లేదు. నాకొచ్చిన ఇంగ్లీషు మాత్రలకి, టీకి, నెమ్మదిగా నడవమనడానికి సరిపోతుంది. సారీ అనేది కప్పు పగిలినప్పుడు అనే మాట. ఇందాకటి నుంచి వాక్యం కడుతున్నాను, నిలవడం లేదు.

తెలుగులోనే చెబుతాను. ఏ వేళకి పడ్డారో, నేను ఏమన్నానో, ఎన్ని చొక్కాలో, రాసింది రాసినట్టు పుస్తకం తెరిచి చదువుతాను. ఆయనకి అర్థం కాకపోయినా, అయ్యేదాకా చదువుతాను. ఆయన ముఖం తిప్పుకుంటే అప్పుడు బయటికి వస్తాను.

ఆశీర్వచనం నాకు వద్దు, ఆయన పేర వదినని ఒక దీపం పెట్టమను. పెద్దలందరికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మేడం కారు తీస్తున్నారు.

నీ తమ్ముడు
రత్నం