పావురం నెత్తురు

ఆగస్టు 6, ఉదయం 7

నాట్లకు పదకొండు మంది కూలీలు రావాలి. ఏడుగురు వచ్చారు, నలభై నిమిషాలు లేటుగా. ఎందుకని అడిగితే, నాట్లేమన్న రైలా సావుకారీ, పోనీకి, అంది మేస్త్రీ యంకమ్మ. నాన్న గోదావరి నుంచి కన్నడ సీమలోని ఈ సిరవార క్యాంపుకి సేద్యానికి వచ్చి యాభై ఏళ్లు దాటింది. ఇక్కడివాళ్లకి టైమంటే ఏమిటో ఇంకా నేర్పలేకపోయాం.

మా బావమరిది బాబ్జీ కూడా వచ్చాడు. పని చూసుకోవడానికట. చూస్తున్నాడు.

ఆగస్టు 14

నిన్న డిశ్చార్జ్. అక్షరాలు వంకరగా ఉన్నాయి, అయినా కుడి చేత్తోనే రాస్తున్నాను.

ఆరో తేదీ 8.10కి గట్టు మీద టీ గ్లాసు చేతిలోంచి జారింది. మాట రాలేదు. వేడి చేసింది బావగారూ, మజ్జిగ తాగండి, అన్నాడు బాబ్జీ. యంకమ్మ మడిలోంచి ఎక్కివచ్చి నా రెండు చేతులూ పైకెత్తి వదిలింది. కుడిది పడిపోయింది. లక్వా, అంది. పక్షవాతాన్ని ఇక్కడ అలాగే అంటారు.

బాబ్జీ వెంటనే కారు తీశాడు. పక్క ఊళ్లో ఒకాయన లక్వాకి పావురం నెత్తురు రాస్తాడట. నా మొగునికి గిట్లనే అయిండె, పావురాల ఎంబడి మూడు దినాలు తిప్పిరి, నాలుగో దినం మట్టిల పెట్టినం, అంటూ యంకమ్మ 108కి ఫోన్ కొట్టింది. ఏడుగురూ బురద కాళ్లతో కారుకి అడ్డం నిలబడ్డారు. కూలిముండలు అన్నాడు బాబ్జీ. కదల్లేదు.

రాయచూరు ఆస్పత్రిలో 9.55కి స్కాన్. 10.20కి మెదడులో నెత్తురు గడ్డ కరిగించే ఇంజెక్షన్. సాయంత్రానికి మా ఆవిడ పున్నమ్మని పేరు పెట్టి పిలిచాను. నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, పన్నెండూ నలభై దాటాక వస్తే ఆ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లం కాదని డాక్టర్ చెప్పింది.

ఆగస్టు 17

బాబ్జీ పావురంతో సహా ఆ మందు మనిషిని ఇంటికే తెచ్చాడు. వద్దన్నాను. మా తమ్ముడు అంత ప్రేమగా తెస్తే తోసేస్తారా అని పున్నమ్మ ఏడ్చింది. ఆ ఏడుపు ఆగడానికి చెయ్యి చాపాను. మూడు రోజులు రాయాలట. కంపు.

ఆగస్టు 22

వేళ్లు పూర్తిగా మడుస్తున్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి ఇచ్చిన రబ్బరు బంతి.

ఆగస్టు 29

బావగారిని పావురంతో లేపానని బాబ్జీ సిరవారంతా చెప్పుకుంటున్నాడు. రుజువుకి జనాన్ని ఇంటికి తెస్తున్నాడు. ఇవాళ నలుగురు. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు నా వేళ్లు వంచి చూసి వెళ్లారు. వాళ్లలో ట్రాక్టర్ డ్రైవర్ హంపయ్య కొడుకు అమరప్ప ఉన్నాడు. నేను ఔననలేదు, కాదనలేదు. తిరిగొచ్చారు కదా, మా తమ్ముడి పరువు తియ్యడం దేనికి, అంది పున్నమ్మ.

సెప్టెంబరు 9

నిన్న ఉదయం హంపయ్యకి లక్వా. సావుకారికే తగ్గింది కదా అని అమరప్ప తండ్రిని పావురం మనిషి దగ్గరికి తీసుకుపోయాడు. రాయచూరు చేరేసరికి లక్వా వచ్చి ఏడో గంట. ఇంజెక్షన్ వేళ దాటిపోయింది. ప్రాణం ఉంది. మాట లేదు, కుడివైపు లేదు.

పావురం ముసలిదై ఉంటుంది బావగారూ, అన్నాడు బాబ్జీ.

వాడికి తెలియదు. నాకు తెలుసు, నిమిషాలతో సహా. ఇద్దరిలో ఎవడు నీచుడో రాయడానికి చెయ్యి బాగానే పనిచేస్తోంది.

సెప్టెంబరు 10

యంకమ్మ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. వచ్చినోళ్లకెల్ల చెయ్యి చూపిస్తివంట, జర నోరు తెరిస్తే ఏం పోతుండె, ఆ మాట గూడ దవాఖానల తిరిగొచ్చిందే గద, అంది. మా మడికి ఇక రానంది.

సెప్టెంబరు 21

హంపయ్య ఇంటికి నేను వెళ్లింది ఇవాళే. పరామర్శకి వచ్చినవాళ్లు నా చెయ్యి చూస్తున్నారు. ఎనిమిది మందికి చెప్పాను, పావురం కాదు, ఇంజెక్షన్ అని. అమరప్ప అంతా విన్నాడు. ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడగలేదు. నేను కూర్చున్న కుర్చీ అడిగి తీసుకుని లోపల పెట్టాడు.

తర్వాత వచ్చినవాళ్లకి నిలబడి చెప్పాను.