శిరీష చదివిన నా లక్ష్యాలు

గురువారం, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్

కోచింగ్ సార్ ఈ ఏడాదికి నాలుగు లక్ష్యాలు రాసుకురమ్మన్నాడు. నావి నిన్ననే నా బెంచీ నేస్తం శిరీషకు చూపించాను: ఒంటరిగా ట్రెక్కింగ్, బొమ్మలు వేయడం, పైథాన్ కోడింగ్ నేర్చుకోవడం, రెండేళ్లుగా నాతో మాటల్లేని నాన్నకు ఫోన్ చేయడం.

ఇవాళ క్లాసులో అది నాకన్నా ముందు లేచి నిలబడి, అవే తనవిగా చదివింది. నాన్న మాట దగ్గర గొంతు కూడా వణికించింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చినప్పుడు సార్, "ఏందమ్మా, కాపీ కొట్టినవా?" అన్నాడు.

బయటికొచ్చాక నిలదీస్తే, "నాకేం తట్టలేదే, జర లైట్ తీస్కో" అంది.

మెట్రో కింద వాళ్ల నాన్న రోజూలాగే స్కూటర్‌తో కాచుకుని ఉన్నాడు. ఆయన భుజం పట్టుకుని ఎల్బీనగర్ వెళ్లిపోయింది.

ఫోన్‌లో మా నాన్న నంబరు తీసి మళ్లీ మూసేశాను. ఇప్పుడు చేసినా, దాని లక్ష్యం నేను తీర్చినట్టే ఉంటుంది.