సి-60లో అమ్మ

2-7-89, ఆదివారం, సూర్యాపేట

డాక్టర్ ఇవాళ దాచకుండా చెప్పాడు. అమ్మకు గొంతులో కాన్సర్. స్వరపేటిక మొత్తం తీసేయాలట. ప్రాణం దక్కుతుంది, మాట మాత్రం ఉండదట. పన్నెండో తారీఖు హైదరాబాద్‌లో ఆపరేషన్. అమ్మకు నువ్వే చెప్పు, నాతోని కాదు అంటుంది జమున. నా భార్యకు లేని ధైర్యం నాకెక్కడిది?

3-7-89

చెప్పలేదు.

5-7-89

చెప్పాను. అమ్మ చేతి గాజులు తిప్పుకుంది. ఇగ నా పాటలు ఎవరు పాడుతరు బేటా అని అడిగింది. తిరుమలగిరి దగ్గర మా తండాలో పెళ్లికూతురిని సాగనంపే ఏడుపు పాట ఎత్తుకునేది మా అమ్మే. స్టీరియోలో అన్నీ రికార్డ్ చేస్తానన్నాను. గా డబ్బాల నేను పడతనా అని నవ్వింది.

ఈ పనిలో నాకు పేరుంది. రేడియో పాటలు పట్టేటప్పుడు పాజ్ బటన్ మీద వేలు తీయను. అనౌన్సర్ నోరు తెరిచేలోపు నొక్కేస్తాను. నా క్యాసెట్లలో పాట తప్ప ఒక్క మాట దొరకదు. స్కూల్ స్టాఫంతా అడిగి మరీ పట్టుకుపోతారు.

8-7-89, శనివారం

పొద్దున్నుంచి రికార్డింగే. ఫ్యాన్ ఆపాం, కిటికీలు మూశాం, జమున కుక్కర్ కూడా పెట్టలేదు. కొత్త సి-60 క్యాసెట్ వేశాను, వైపుకు అరగంట. అమ్మ పదకొండు పాటలు పాడింది. గొంతు బొంగురుపోయినా శ్రుతి తప్పలేదు.

మాటలతోనే తంటా. జర ఆగు, నీళ్లు తాగుత అంటుంది. తిన్నవా అంటుంది. పైగా ఏడుపు పాటలో చరణం కాగానే ఎదుటి మనిషిని పేరు పెట్టి పిలవడం మావాళ్ల పద్ధతి. ఎదురుగా పెళ్లికూతురు లేదు కదా, ప్రతిసారీ దస్రూ, బేటా దస్రూ అని నన్నే పిలిచింది. టేపు ఖరాబైతదని రెండుసార్లు విసుక్కున్నాను. పిలుపులన్నీ పాజ్‌తో తీసేశాను. చాలా శుభ్రంగా వచ్చింది. పొరపాటున చెరిగిపోకుండా క్యాసెట్ ట్యాబులు విరగ్గొట్టాను. నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

12-7-89

ఆపరేషన్ అయింది. బతికింది.

23-7-89

ఇంటికి తెచ్చాం. మెడకు రంధ్రం పెట్టారు, ఊపిరి అందులోంచే. నన్ను పిలవాలంటే మంచం పట్టె మీద గాజుతో కొడుతుంది.

29-7-89, సాయంత్రం

టేపు పెట్టాను. పాటలు బాగున్నాయి. రేడియోలో ఎవరో ఒకామె పాడినట్టే ఉంది.

నాకు కావాల్సింది ఇది కాదు. అమ్మ నాకు పాటలు పాడి పెంచలేదు, పిలిచి పెంచింది. చెలకలోంచి పిలిచింది, బావి గట్టు మీద నుంచి పిలిచింది, హాస్టల్ గేటు దగ్గర నిలబడి పిలిచింది. ఆ పిలుపు కోసం ఒక వైపు విన్నాను, రెండో వైపు విన్నాను, మళ్లీ మొదటి నుంచి విన్నాను. చరణం అయిపోతుంది, ఇప్పుడు పిలుస్తుంది అనుకుంటాను, వెంటనే తర్వాతి చరణం. ఆ రోజు నలభైసార్లు పిలిచి ఉంటుంది. నలభైసార్లూ నేనే నోరు మూయించాను. గింజలు చెరిగి పారబోసి ఊక దాచుకున్న దరిద్రుణ్ణి నేను. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. 

1-8-89

నేను పనిచేసే కోదాడ స్కూల్లో తోటి టీచర్ సత్యానందం సారు టేపు విన్నారు. ఎంత క్లియర్‌గా ఉందండీ, ఒక్క డిస్టర్బెన్స్ కూడా లేదు అని మెచ్చుకున్నారు. బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

6-8-89, ఆదివారం

అమ్మకు వినిపించాను. చరణం అయిన ప్రతిచోటా నావైపు తిరిగి పెదవులు కదిపింది. దస్రూ అన్నది. చూశాను కాబట్టి తెలిసింది.

13-8-89

కొత్త క్యాసెట్. మైకు అమ్మ మెడ దగ్గర పట్టుకుని, పిలువమ్మా అన్నాను. గాలి వచ్చింది. రెండు వైపులా నిండేదాకా గాలే. ఎక్కడా ఆపలేదు.