రెండు ముక్కలైన పేరు

బుధవారం రాత్రి, గోదావరిఖని

ఇంట్లో ఎవరికి చెప్పినా తెల్లారేసరికి కాలనీ అంతా పాకుతుంది. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

లారీల బరువుల లెక్కలు పోగొట్టింది కాంటా దగ్గర పనిచేసే సాయిలు కాక కాదు, నేను. లారీలు తూచే కాంటా గది కంప్యూటర్‌లో ‘కాంటా పాత’ అనే ఫోల్డర్ తీసేయమని మా ఆఫీసు సారు చెప్పారు. పేరుకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టి ఆఫీసు నుంచే కమాండ్ పంపాను. ఆ గుర్తుల్ని నా కంప్యూటరే విప్పేసుకుంది. అవతలి కంప్యూటర్‌కు ‘కాంటా’, ‘పాత’ అని రెండు వేర్వేరు పేర్లు చేరాయి. అది ఈ నెల బరువులున్న ‘కాంటా’ను తుడిచేసి, ‘పాత’ ఎక్కడా లేదంది. కాపీ లేదు. నేను మాత్రం సారుకు “పాతది తీసేశాను” అని చెప్పేశాను.

మధ్యాహ్నం సారు నన్ను వెంటబెట్టుకుని కాంటా గదికి వెళ్లారు.

“ఏం ఒత్తినవ్ సాయిలూ? చాయ్ గిట్ల ఒలకబోసినవా?”

“మౌసు ముట్టాలంటెనే నాకు భయం సారూ,” అన్నాడు కాక. నా వైపు తిరిగి, “సదువుకున్నదానివి బిడ్డా, నువ్వన్న సారుకు చెప్పరాదూ,” అన్నాడు.

నేను తల దించుకున్నాను. మా ఇంట్లో బడి మొహం చూసింది నేనొక్కదాన్నే. ఈ కాంట్రాక్టు ఉద్యోగం పోతే, బొగ్గు బాయిలోకి దిగి నన్ను చదివించిన నాన్నకు ఏం చెప్పను?

‘కాంటా పాత’ ఇంకా అక్కడే ఉంది. ఎవరైనా చూస్తే నా అబద్ధం బయటపడుతుంది. ఎలా రాయాలో ఇప్పుడు తెలిసింది. లోపల ఇంకో జత గుర్తులు పెట్టి పంపితే అదీ పోతుంది. ఇక నన్నెవరూ అనుమానించరు. కాక ఒక్కడే మిగులుతాడు.

ఈ శనివారం విచారణకు రమ్మని కాకను పిలిచారు. ప్రభువా, నిజం చెప్పే ధైర్యం ఇస్తావా, ఇవ్వవా? శుక్రవారంలోగా జవాబు చెప్పు.