నల్ల బొబ్బర్లు

మంగళవారం, రాత్రి

నల్ల బొబ్బర్లలో ప్రొటీన్ అంత ఎక్కువ ఉండటానికి కారణమైన జన్యువు మా ల్యాబ్‌లో దొరికింది. విత్తనాలిచ్చిన లక్ష్మమ్మకు ఆ మాట చెప్పి, ఇంకొన్ని అడుగుదామని ఇవాళ భద్రాచలం అడవి అంచున ఉన్న వాళ్ల ఊరికి వెళ్లాను.

"ఇవి అందరూ తినాల్సిన గింజలు అవ్వా," అనగానే ఆమె ముఖం పాలిపోయింది.

"పరీక్షకు కావాలంటే ఇచ్చిన బిడ్డా. అవి సచ్చిపోయిన పెద్దలకు పెట్టేటివి. మేం తినం."

"తింటే ఏమైతది?"

"మా ఆయన తిన్నడు. సచ్చిన తమ్ముడు పిలుస్తుండని మూడు దినాలు అన్నడు. నాలుగోనాడు 'అవ్, వస్తున్న' అనుకుంట అడవిలకు పోయిండు. మల్ల రాలే."

రుచి చూద్దామని మొన్న గుప్పెడు ఉడికించుకుని తిన్నానని ఆమెకు చెప్పలేకపోయాను.

సాయంత్రం బస్సు దిగుతుంటే వెనక నుంచి అమ్మ పిలిచింది. అమ్మ పోయి నాలుగేళ్లయింది.

నేను పలికాను.