మావ పడవలో ఫోమ్ ముక్కలు

మంగళవారం, రాత్రి.

కాలేజీ ల్యాబ్‌లో పెద్ద దిమ్మను నొక్కి చూసి, ఈ ఫోమ్ గట్టిదని మావకి చెప్పింది నేనే. ఆయన దాన్ని వేలెడంత ముక్కలుగా కోసి, పడవ అడుగున ఫైబర్ పొరల మధ్య పరిచాడు. ఈరోజు అంతేసి ముక్కలనే నొక్కి చూశాను. దిమ్మకన్నా మెత్తగా అణిగిపోయాయి. కోసిన అంచుల్లో తెగిన బుడగలు బరువు మోయవు. ముక్క చిన్నదైన కొద్దీ అవే ఎక్కువ.

సాయంత్రం ఫోన్‌లో చెబితే మావ నవ్వాడు.

"మొన్న గట్టిదన్నావు, ఇయ్యాల మెత్తదంటావు. ముక్కలు సేస్తే ఫోమ్ మారిపోతాదేటే?"

పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. ఫోన్ పెట్టేశాను.

తెల్లారకముందే మావ ఆ పడవలోనే చేపల వేటకి వెళ్తాడు. అత్తకి చెబితే నవ్వదు, పడవకి అడ్డంగా పడుకుంటుంది. చెప్పాలి. ఆ ధైర్యం లేకే ఇంతసేపూ ఇది రాస్తూ కూర్చున్నాను.