మామ్మ గదిలో ఓజోను మిషను

ఒరే వినోదూ,

తెల్లారేసరికి తూర్పున మబ్బు పట్టి ఉన్నాది, గాలి మాత్రం లేదు. పడవెక్కుతన్నాను. మధ్యాన్నానికి వస్తాను.

లేవగానే మామ్మ గది కిటికీలు రెండూ తెరిచెయ్యి. గాలి శుభ్రం చేస్తాదని నువ్వు తెచ్చిన ఓజోను మిషను వైరు పీకి అటకమీద పెట్టు. మామ్మ లోపల ఉండగా మళ్ళీ వేశావంటే నేనే దాన్ని సముద్రంలో పడేస్తాను.

మనుషులు ఉండగా వెయ్యొద్దని డబ్బామీద తెలుగులోనే రాసుంది. ఐదో తరగతి చదివిన నాకు కనపడింది, డిగ్రీ చదివినోడివి నీకు కనపడలేదేటి? "మామ్మ రైల్లో ఎండుచేపలమ్మి వస్తాది, వైరస్ మోసుకొస్తాది. గదిలో చేపల వాసన పోయిందంటే వైరస్ కూడా చచ్చినట్టే నాన్నా" అన్నావు. ఆ గదిలోనే మామ్మ ఎండు నెత్తళ్ళ చేపల పొట్లాలకి వేసిన రబ్బరు బ్యాండ్లు ఓసారి సూడు. వారం తిరక్కుండా అన్నీ పగుళ్ళిచ్చి తెగిపోయాయి. రబ్బరునే కొరికేసిన ఆ మిషను గాలి మా అమ్మ ఊపిరితిత్తుల్ని వదిలేస్తాదా? మామ్మకి ఈ దగ్గు మొదలైందీ ఆ వారంలోనే.

పొద్దున్న రైలుబండికే మామ్మని ఆమదాలవలసలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. మిషను సంగతి దాచకుండా సెప్పు.

మీ నాన్న

ఇంకో మాట. నిన్న మధ్యాన్నం ముగ్గురం కూర్చుని అన్నం తిన్నాం. దగ్గొచ్చినప్పుడల్లా మామ్మ గ్లాసెత్తి నీళ్ళు తాగుతున్నట్టు నోటికి అడ్డం పెట్టుకుంది, నువ్వు నొచ్చుకుంటావని. నువ్వు కంచంలోకే చూస్తన్నావు. నేనూ నా కంచంలోకే చూశాను.